దీవెనకి నేను వేసిన రెండు సున్నాలు

విజయవాడలో ఓ ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఇరవై రెండేళ్ళుగా ఇంగ్లీషు చెబుతున్నాను. చెబుతున్నానంటే పెద్ద మాటే. నా దగ్గరో నోట్సుంది, అది డిక్టేట్ చేస్తాను, పిల్లలు రాసుకుంటారు. విషాద నాటకం వచ్చిందంటే నా దర్జానే వేరు. హమార్షియా అంటే నాయకుణ్ణి కూల్చేసే లోపం, అది అతనికి తప్ప అందరికీ కనబడుతుందని బల్ల గుద్ది చెబుతాను. నేను మాత్రం ఒక్క నాటకమూ చూడలేదు.

ఈసారి పాఠం మధ్యలో, ఇబ్రహీంపట్నం నుంచి బస్సులో వచ్చే దీవెన లేచింది.

"మేడం, స్టేజీ మీద ఒక్కడే ఉండి మనసులో మాట పైకి చెప్పుకుంటే సాలిలక్వీ కదండీ. పక్కన మనుషులున్నా వాళ్ళకి వినబడనట్టు మనకి చెబితే ఎసైడ్. మీరు అటూ ఇటూ మార్చి చెప్పారండీ."

"శాంతకుమారి మేడం నోట్సులో తప్పుంటుందా? కూర్చో," అన్నాను. నన్ను నేనే మేడం అనుకునేదాకా వచ్చానన్నమాట.

ఇంటర్నల్ పరీక్షలో నలభై ఆరు మంది నా నోట్సే దించారు. పూర్తి మార్కులు వేశాను. దీవెన తను చెప్పిందే రాసింది. సాలిలక్వీ, ఎసైడ్ అనే ఆ రెండు ప్రశ్నలకీ సున్నాలు చుట్టాను. ఆ అమ్మాయి స్టాఫ్‌రూముకొచ్చింది.

"ఈ నాలుగు మార్కులూ పోతే క్లాసు ఫస్టు రానండీ. ఫస్టు వస్తేనే ఇక్కడ ఎమ్మేలో ఫ్రీ సీటు. లేకపోతే నా చదువు ఇంతటితో సరి. ఒక్కసారి పుస్తకం చూడండి మేడం."

దాని నోరు మూయిద్దామనే చూశాను. పుస్తకం దీవెన వైపే ఉంది. ఇరవై రెండేళ్ళ కిందట నోట్సు రాసుకునేటప్పుడే తారుమారు చేశాను. ఎన్ని బ్యాచ్‌లకి ఎక్కించానో వేళ్ళ మీద లెక్కపెట్టబోయి మధ్యలో ఆపేశాను.

ఆదివారమంతా అద్దం ముందు క్షమాపణ ప్రాక్టీసు చేశాను. మా ఆయన పేపరు పక్కన పెట్టి, "ఎవరితోనే మాట్లాడుతున్నావ్?" అన్నారు.

"సాలిలక్వీ," అన్నాను. ఆయన అక్కడే ఉన్నారు కాబట్టి అదీ తప్పే.

సోమవారం క్లాసులో చెప్పేశాను. "తప్పు నాది. దీవెన రాసిందే రైటు. తన నాలుగు మార్కులూ వేస్తున్నాను." నవ్వుతారనుకున్నాను, ఎవరూ నవ్వలేదు. "మిగతావాళ్ళవి తీసెయ్యాలి మరి," అని కూడా అన్నాను. న్యాయం చేస్తున్నానన్న పొగరు ఇంకా వదల్లేదు.

దీవెన మళ్ళీ లేచింది.

"వాళ్ళవి తియ్యకండి మేడం. మిమ్మల్ని నమ్మే కదండీ రాశారు."

పుస్తకం చూసి నా తప్పు తెలుసుకున్నప్పుడు కూడా నాకంత సిగ్గెయ్యలేదు. అటు తిరిగి, ఏమీ రాయని బోర్డుని చాలాసేపు తుడిచాను.