గొంతు తగ్గించిన కుట్టుషాపు

మా కుట్టుషాపులో కటింగ్ చేసే ఆవిడని అందరూ మాస్టరమ్మ అంటారు. గుడ్డ మీద సుద్దతో గీత గీసి కత్తెర పెట్టిందంటే, మళ్లీ సరిచూసే పనుండదు. నేను అక్కడ కాజాలు కుడతాను, ఆవిడని అక్కా అని పిలుస్తాను. ఈరోజు మా ఇంట్లో పొయ్యి వెలుగుతోందంటే, దేవుడి తర్వాత ఆవిడ నేర్పిన పని వల్లే.

అక్కకి ఉన్న లోపమల్లా ఒకటే, గొంతు. అది ఆవిడ ఒక్కదానిదే కాదు, మా షాపుది. నాలుగు మిషన్లు ఒకేసారి తిరుగుతుంటే కేక వేస్తే తప్ప మాట వినపడదు. మంచినీళ్లు అడిగినా వీధిలోవాళ్లు కొట్లాట అనుకుంటారు.

ఆవిడ మనవరాలు మూడో తరగతి. తల్లి ఆసుపత్రిలో షిఫ్టు డ్యూటీ చేస్తుంది కాబట్టి బడి అవగానే అమ్మమ్మ దగ్గరికి వస్తుంది. మొహం గుండ్రంగా ఉంటుందని గుండీ అంటాం. ఆ దారపుండ అరలో పెట్టి, టేపు తెచ్చి, టీ చెప్పి రమ్మంటే, దారపుండ పట్టుకుని మా మొహాలు చూస్తూ నిలబడేది. అక్క అదే మాట ఇంకా గట్టిగా అరిచేది. పిల్ల ఇంకా ముడుచుకుపోయేది. దేవుడు దీని చెవుల్లో దూది కుక్కి పంపాడని మా ఇస్త్రీ తాత నవ్వేవాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వుకి తర్వాత చాలాసార్లు దేవుణ్ణి క్షమించమని అడిగాను.

ఒకరోజు బడి నుంచి చీటీ వచ్చింది. పిల్లకి చెప్పింది ఎక్కడం లేదు, వచ్చే ఏడు కూడా మూడులోనే ఉంచుతామని. మర్నాడే అక్క కటింగ్ ఆపి గుండీని చెవి పరీక్షలకి తీసుకెళ్లింది, తోడుగా నేనూ వెళ్లాను. ఆ పరీక్షలు చేసే అమ్మాయి చాలా నెమ్మదస్తురాలు. చెవులు శుభ్రంగా ఉన్నాయంది. విన్న చప్పుళ్లలోంచి మాటని విడదీసి పోల్చుకునే పని మెదడుదట. గోల ఉన్నచోట ఈ పిల్లకి అది ఆలస్యమవుతుందట. ఒక మాట పట్టుకునేలోపు నాలుగు మాటలు దాటిపోతాయట.

"బలమంతా వినడానికే అయిపోతే, ఆలోచించడానికి ఏం మిగులుతుందమ్మా? మాటలు సరిగా అందక కొత్త మాటలూ తక్కువే వచ్చాయి. ఇది తెలివి లేకపోవడం కాదు" అంది. భాషలోనే ఇబ్బంది ఉన్న కొందరు పిల్లలూ ఇలాగే కనిపిస్తారనీ, అదీ ఇదీ కలిసి ఉండొచ్చనీ, కొన్నాళ్లు గమనించాలనీ కూడా చెప్పింది.

అక్క అడిగింది ఒక్కటే. "గట్టిగా చెప్తే?"

"గట్టిగా కాదు. గోల ఆపి, ఎదురుగా కూర్చుని, ఒక్కొక్కటే."

షాపులోకి రాగానే అక్క నలుగురినీ మిషన్లు ఆపమంది. ఇకనుంచి గుండీతో మాట్లాడాలంటే ముందు మిషను చక్రం మీద చెయ్యి వేసి ఆపాలి. ఒకసారికి ఒకే పని చెప్పాలి. విన్నది పిల్ల తన మాటల్లో తిరిగి చెప్పాలి. అరిచినవాళ్లు ఆరోజు నేలంతా ఊడ్చాలి. మొదటిరోజు ఊడ్చింది అక్కే, రెండుసార్లు. తాతకి ఎవరూ చెప్పలేదు గానీ, పిల్ల గడప తొక్కగానే తన రేడియో కట్టేసేవాడు. మూడు నెలలకి గుండీ బడి కబుర్లు ఆపకుండా చెబుతుంటే, ఇప్పుడు దూది నా చెవుల్లో కావాలి అన్నాడు.

బడివాళ్ల మాట మాత్రం మారలేదు. అక్క పెద్దటీచరు దగ్గరికి వెళ్లి, పిల్లని రోడ్డువైపు కిటికీ దగ్గర్నుంచి ముందు బెంచీకి మార్చమనీ, నిశ్శబ్దంగా ఉన్నచోట ఒకసారి పరీక్షించమనీ అడిగింది.

"ఒక్క పిల్ల కోసం బడంతా ఊపిరి బిగబట్టాలా?" అంది ఆవిడ.

"బడంతా వద్దమ్మా. మీ గది చాలు."

పెద్దటీచరుకి నవ్వొచ్చింది. అదే వారంలో పిలిచింది. మమ్మల్నిద్దర్నీ గోడ పక్కన కూర్చోమని, గుండీకి ఒక చిన్న కథ చెప్పడం మొదలుపెట్టింది. వరదొచ్చే రాత్రి ఒక పడవాయన తన పడవని అవతలి గట్టుకు తీసుకెళ్లి కట్టేసి, తను ఈదుకుంటూ వెనక్కి వచ్చాడు. సరిగ్గా అప్పుడే బయట వరండాలో పిల్లలు అన్నానికి వరస కడుతూ గోల మొదలుపెట్టారు. ఎందుకు అలా చేశాడని టీచరు అడిగింది. గుండీ తలుపు వైపు చూసింది. టీచరు కలం కాగితం మీదికి దిగుతోంది. అక్క లేవబోయి, పెదవి కొరుక్కుని కూర్చుంది. నేను లోపల్లోపల దణ్ణం పెట్టుకున్నాను.

"టీచర్, బయట గోలగా ఉంది. తలుపేసి మళ్లీ చెప్తారా?" అంది గుండీ.

పెద్దటీచరు లేచి తనే తలుపు వేసింది. పిల్ల ఎదురుగా కుర్చీ లాక్కుని, కథ మొదటినుంచీ చెప్పింది.

గుండీ చెప్పింది: "అవతల ఎవరో ఉండిపోయుంటారు. వాళ్లకి ఈత రాదు. ఈయనకి వచ్చు."

పెద్దటీచరు కాగితం మీద నాలుగో తరగతి అని రాసింది, ముందు బెంచీ అని రాసి దాని కింద గీత గీసింది.

షాపుకి రాగానే ఎన్ని మార్కులని తాత అడిగాడు. తను మార్కులు అడగలేదంది అక్క. ఆ సాయంత్రం కొలతలకి వచ్చిన ప్రతివాళ్లకీ, మెడలో టేపు మెడలోనే ఉంచుకుని, అదే చెప్పింది.

"తలుపెయ్యమని మా పిల్లే అడిగిందండీ. నేను నోరు విప్పలేదు."