క్యూ పక్కన సున్న

సువార్తమ్మకు కంకిపాడు బళ్ళో రెండు సున్నలు నేర్పారు. ఒకటి అక్షరాల్లోది, ఇంకొకటి అంకెల్లోది. విజయవాడ నీటిపారుదల ఆఫీసులో కంప్యూటరు కార్డులకు చిల్లులు కొట్టే తాత్కాలిక ఉద్యోగంలో చేరాక ఇంగ్లీషు ‘ఓ’ కూడా వాటి సరసన చేరింది. అన్నీ గుండ్రంగానే ఉంటాయి, మీటలే వేరు.

1976లో ఇంజనీరు వెంకటప్పయ్య ఒక ప్రోగ్రాం రాశాడు. ఒకే బ్యారేజీ నీళ్ళు తాగే రెండు కాలువల ప్రవాహాన్ని పక్కపక్కనే, గంటగంటకూ కలిపి లెక్కగట్టే ప్రోగ్రాం అది. ఆయన రాత ఆయనకే తెలియాలి. అందుకని కాగితం తన దగ్గరే పెట్టుకుని పైకి చదివేవాడు, ఆమె కొట్టేది. పెట్టెడు కార్డులు బస్సెక్కి హైదరాబాదు వెళ్ళేవి. అక్కడి కంప్యూటరు వాటిని తన భాషలోకి మార్చుకోవాలి. దాన్నే కంపైల్ చేయడం అనేవారు. రెండుసార్లు తప్పుల జాబితాతో తిరిగొచ్చాయి. మూడోసారి ఒక్క తప్పూ లేదు. ఆఫీసంతా మిఠాయిలు తిన్నారు.

తీరా లెక్క చూస్తే ఉయ్యూరు వైపు కాలువలో చుక్క నీరు లేదు! నిండు కాలువను ఎండగట్టిన ఘనత ఎవరిదని పెద్ద ఇంజనీరు శౌరయ్యగారు అడిగారు. లెక్క మొదట్లో ఆ కాలువలో ఉన్న నీటికి వెంకటప్పయ్య ప్రోగ్రాంలో పెట్టిన పేరు ఇంగ్లీషు ‘క్యూ’ పక్కన సున్న. దానికి విలువ ఇచ్చే కార్డు మీద మాత్రం క్యూ పక్కన ‘ఓ’ అనే ఇంగ్లీషు అక్షరం పడింది. యంత్రానికి అవి రెండు వేరువేరు పేర్లు. సున్న ఉన్న పేరుకు విలువ చెప్పలేదు కదా అని నోరెత్తకుండా నీళ్ళు లేవనుకుంది.

కాగితం ఒప్పు, కార్డు తప్పు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు వెంకటప్పయ్య సువార్తమ్మ వైపు చెయ్యి చూపించాడు. వచ్చే వారమే ఆమె ఉద్యోగం పొడిగించాలి. ఇద్దరు చెల్లెళ్ళ చదువు ఆ జీతం మీదే నడుస్తోంది. ఆమెకు భయం కన్నా కోపమే ఎక్కువైంది. “ఓ అంటే అక్షరమా అండీ, సున్నా అండీ?” అని కార్డు కొట్టిన రోజు అడిగితే, “ఓ అంటే ఓనే, కానివ్వమ్మా” అని కసిరిన మనిషి ఇప్పుడు ఫ్యాను వైపు చూస్తున్నాడు.

“సార్, ఆ లైను వారిని ఒక్కసారి పైకి చదవమనండి,” అంది శౌరయ్యగారితో.

వెంకటప్పయ్య విసుగ్గా కాగితం అందుకున్నాడు. “క్యూ ఓ ఈక్వల్స్...”

శౌరయ్యగారు ఆ కాగితం లాక్కుని చూశారు. “ఇక్కడ సున్న రాసుందిగదయ్యా!”



“ఫోన్ నంబర్లలో సున్నని ఓ అని చదివే అలవాటండీ,” అన్నాడు వెంకటప్పయ్య. “ఆ రోజు ఈ అమ్మాయి అడిగింది కూడా. నేనే కసిరాను.”

ఉద్యోగం నిలిచిందన్న సంగతి సువార్తమ్మకు తర్వాత తట్టింది. తను అడిగిన మాట ఆయనకు ఇన్నాళ్ళూ గుర్తుందని తెలిసి ముందు ఏడుపొచ్చింది.