నెల్లిమర్ల స్టేషన్‌లో నా పొడవాటి ప్రార్థన

మా సంఘంలో ప్రార్థన బాగా చేస్తానని నాకు పేరుండేది. మా అమ్మ సంఘం తరఫున ఊరూరా తిరిగి వాక్యం చెప్పేది. నాకు ఇరవై ఏళ్ళు రాకముందే పెద్దల కూటాల్లో నన్ను లేపి ప్రార్థన చేయమనేవారు. కళ్ళు మూసుకుంటే చాలు, మాటలు వాటంతటవే వచ్చేవి. అది దేవుడిచ్చిన వరమని అనుకున్నాను. ఇప్పటికీ అనుకుంటాను. కానీ ఆ వరంతోనే ఒక రైలు తప్పించాను.

అరవైల చివర్లో విజయనగరంలో టీచరు ట్రైనింగు చదువుతున్నప్పటి మాట. దసరా సెలవులకు ముగ్గురం స్నేహితురాళ్ళం నౌపడ వెళ్ళాలనుకున్నాం. ఒకామె ఊరు నౌపడ పక్కనే, వాళ్ళ నాన్న ఉప్పు మడుల్లో మేస్త్రీ. రెండో ఆమె నెల్లిమర్ల దగ్గర రైతు కూతురు. ఆమెకు మాఘంలో పెళ్ళి నిశ్చయమైంది. అప్పటిదాకా సముద్రం చూడలేదు. పెళ్ళయ్యాక ఎవరు పంపుతారు? తండ్రి మూడు రోజులకు ఒప్పుకున్నాడు, కానీ పొద్దుటి పాసింజరుకే ఎక్కాలన్నాడు. అక్కడ మేస్త్రీ కొడుకు ఎడ్లబండితో వచ్చి ఉండాలి, దారిలో చీకటి పడకూడదు. ఏ కాస్త తేడా వచ్చినా ఇంటికి వచ్చెయ్యాలి.

ముందురోజే వాళ్ళింటికి చేరాం. తెల్లవారాక ఆయన గోగునార వేసిన బండిలోనే మమ్మల్ని స్టేషన్ దగ్గర దింపి, నార అమ్మడానికి జూట్ మిల్లు వైపు వెళ్ళాడు.

"ఒసే, రైలెక్కేముందు నీ పేర్థనొకటి సేసెయ్యి," అంది పెళ్ళికూతురు.

జనం ఎదురుగా అయితే వాళ్ళకు సిగ్గు. ప్లాట్‌ఫారం చివర గోదాము వెనక్కి వెళ్ళాం. ఆమేన్ అనేదాకా కళ్ళు తెరవకూడదని హాస్టల్లో వాళ్ళని ఎన్నోసార్లు కోప్పడ్డాను. అందుకని బుద్ధిగా కళ్ళు మూసుకున్నారు. మా ప్రయాణం, కాబోయే పెళ్ళి, ఆ పెళ్ళికొడుకు, ఉప్పు మడుల్లో పనివాళ్ళు, సముద్రంలో చేపల వేటకు వెళ్ళినవాళ్ళు, రైలు నడిపేవాడు, ఒక్కొక్కరినీ తలుచుకుంటూ పోయాను. మధ్యలో బండి చప్పుడైంది. పాసింజరు ఏనాడూ వేళకు రాదు కదా, గూడ్సనుకుని గొంతు పెంచాను. పెళ్ళికూతురు ముక్కు ఎగబీల్చింది. నా మాటలకు కరిగిందని తెలిసి ఇంకా పొడిగించాను. ఆమేన్ అని ఇవతలికి వచ్చేసరికి ఆఖరి పెట్టె సిగ్నలు దాటుతోంది.

"ఇదీ దేవుని చిత్తమేనే. మన మంచికే ఆపి ఉంటాడు," అన్నాను.

"దేముడి మీద నెట్టకు," అంది పెళ్ళికూతురు. "ఆయన తప్పించనేదు, నువ్వు తప్పించినావు. ఇప్పుడు మా అయ్య మిల్లు కాడ నుంచి ఇటే వస్తాడు, నన్ను బండెక్కించుకుని ఎల్లిపోతాడు."

"ఆ రైలు నడిపేవోడికి మాత్రం నీ పేర్థన బాగా పనిసేసినాది. సరిగ్గా టయానికి ఎల్లిపోనాడు," అంది మేస్త్రీ కూతురు. ఎవరికీ నవ్వు రాలేదు.

తర్వాతి బండి మధ్యాహ్నం. బెంచీ మీద కూర్చుని నా లోపలికి నేను చూసుకున్నాను. ఆ ప్రార్థనలో సగం దేవునికి కాదు. నాకంటూ దొరికిన ఇద్దరు మనుషుల సంఘానికి. నా గొంతు వాళ్ళ మీద ఎలా పనిచేస్తోందో వింటూ నిలబడ్డాను. పైగా నా తప్పుకు ఆయన చిత్తమని పేరు పెట్టాను.

పెళ్ళికూతురి తండ్రి ఖాళీ బండితో తిరిగొచ్చాడు.

"ఏటే, ఇంకా ఇక్కడే ఉన్నారు?"

"రైలు లేటంట అయ్యా," అంది కూతురు గబగబా.

నేను ఊరుకుంటే ఆయన నమ్మేవాడే. ఆమె మూడు రోజులూ ఆమెకు దక్కేవి. అయినా లేచి నిలబడ్డాను.

"కాదు బాబూ. రైలు వేళకే వచ్చి ఎల్లిపోనాది. నేనే ప్రార్థన పొడుగు సేసి తప్పించినాను."

కూతురు మొహం తిప్పుకుంది. కళ్ళ నిండా నీళ్ళు.

ఆయన తలపాగా విప్పి ముఖం తుడుచుకున్నాడు. "రైలొచ్చినా ముగ్గురూ కళ్ళిప్పనేదా?"

"నేదు బాబూ."

"సెవులు కూడా మూసుకున్నారేటి?"

మేస్త్రీ కూతురు పక్కున నవ్వి నోరు మూసుకుంది. ఆయన నవ్వలేదు. కూతురి పెట్టె మీద చెయ్యి వేశాడు. బండిలో పెట్టేస్తాడనుకున్నాం. తలెత్తి పొద్దు ఎంతెక్కిందో చూశాడు.

"సీకటడిపోతాది. అక్కడ బండీ ఉండదు," అన్నాడు చివరికి. "నేనూ వస్తాను, ఉండండి."

ఎడ్లబండిని తమ ఊరి మనిషికి అప్పజెప్పి, కట్టుబట్టలతో మాతోపాటు మధ్యాహ్నం రైలెక్కాడు. ఆయన పని చెడింది. ఆ మాట ఆయన ఎత్తలేదు. కూతురు మాత్రం కిటికీలోంచి చూస్తూ కూర్చుంది, నాతో పలకలేదు. "నా తప్పే, క్షమించవే," అని ఒక్కసారి అన్నాను. అంత చిన్న మాట అంతకుముందు నా నోట ఎప్పుడూ రాలేదు.

నౌపడలో దిగేసరికి ఎండ వాలింది. ఎడ్లబండి లేదు. ఉప్పు మడుల గట్టు మీద నడక మొదలుపెట్టాం. రెండు పక్కలా నీళ్ళు, తాటాకులు కప్పిన ఉప్పు కుప్పలు. తండ్రీ కూతుళ్ళు ముందు నడుస్తున్నారు.

"సముద్రమంటే ఇదేనేటే?" అని ఆయన అడగడం వినిపించింది. ఆయనా చూడలేదని అప్పుడు తెలిసింది.

"కాదయ్యా, ఇవి ఉప్పు మడులు. సముద్రం ఇంకా అవతల ఉంటాది," అని ఆమె అన్నీ తెలిసినదానిలా చెబుతోంది.

కాస్త దూరం పోయాక ఆగి వెనక్కి చూసింది.

"ఒసే, ఎనకబడిపోతన్నావేటి? బేగి రా. సముద్రం సూసేదాకా మా అయ్య ఆగేలా లేడు."

సంచి చంకన పెట్టుకుని పరుగెత్తాను.