మా నాయన ఎడమ కన్ను

రెండో ప్రపంచ యుద్ధం మొదలవడానికి ముందటి సంవత్సరం చలికాలంలో నేను గిద్దలూరు డిస్పెన్సరీలో సబ్ అసిస్టెంట్ సర్జన్‌గా ఉన్నాను. పేరు పెద్దదే కానీ హోదా చిన్నది. మెడికల్ స్కూల్లో చదివి ఎల్.ఎం.పి. పట్టా తెచ్చుకున్న వాళ్లకు ఇచ్చే ఉద్యోగం అది. చలిజ్వరాలు, గాయాలు, తేలు కాట్లు, కోర్టుకు పంపాల్సిన పోస్టుమార్టం రిపోర్టులు, ఇవీ మా పనులు. కంటి శుక్లం తీసేంతగా మాకు చెయ్యి తిరగలేదు. అందుకని జిల్లా కేంద్రం నుంచి సర్జన్ గారు ఏటా చలికాలంలో మార్కాపురం వచ్చి కొన్నాళ్లు మకాం వేసి ఆపరేషన్లు చేసేవారు. నా తాలూకాలోని శుక్లం రోగులను పరీక్షించి, సిద్ధం చేసి ఆయన దగ్గరికి పంపడం నా వంతు. ఆ ఏడు నేను సిద్ధం చేసినవాళ్లలో మా నాయన ఒకడు.

మా నాయన కూడా కంటి వైద్యం చేసినవాడే. రాచర్ల మా ఊరు. కంభం, పొదిలి, చంద్రశేఖరపురం సంతల్లో ఒక పక్కగా గోనె పరుచుకొని కూర్చునేవాడు. శుక్లం వచ్చినవాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకొని, ఎడమ చేత్తో గడ్డం పట్టుకొని, కుడి చేత్తో తెల్లగుడ్డు అంచున సూది దింపేవాడు. కంట్లో మసకబారిన గుండును, అంటే కటకాన్ని, ఆ సూదితో కిందికి నెట్టేస్తే వెలుతురుకు దారి దొరుకుతుంది. అప్పటికప్పుడే చూపు వస్తుంది. నాయన వేళ్లు చూపించి ఎన్నని అడిగేవాడు. రోగి లెక్క చెప్పేవాడు. చుట్టూ మూగిన జనం చేతులెత్తి దండం పెట్టేవాళ్లు. డబ్బిచ్చినవాడి దగ్గర డబ్బు, లేనివాడి దగ్గర జొన్నలు తీసుకొని, పథ్యం చెప్పి, నాయన ఇంకో సంత దారి పట్టేవాడు. నా చదువు మొత్తం ఆ సంపాదన మీదే సాగింది.

మెడికల్ స్కూల్లో మాకు అసలు సంగతి చెప్పారు. కిందికి నెట్టిన గుండు కంట్లోనే ఉండిపోతుంది. చాలామందికి కొన్ని నెలల్లో కన్ను ఎర్రబడి, పోటు పుట్టి, ఉన్న చూపు కూడా పోతుంది. అట్లా పోయిన కంటికి ఇక ఏ వైద్యమూ లేదు. సెలవుల్లో ఇంటికి వచ్చినప్పుడు ఈ మాట నాయనతో అన్నాను. ఆయన కోప్పడలేదు. "పథ్యం తప్పినోళ్లకు పోతాది అబ్బయ్యా. చేతిది తప్పు కాదు" అన్నాడు. ఆ మాటను ఆయన మనస్ఫూర్తిగా నమ్మాడు. చూపు పోయిన వాళ్లెవరూ ఆయనకు మళ్లీ ఎదురుపడలేదు కాబట్టి నమ్మకం చెదిరే అవసరమూ రాలేదు.

తరువాత ఆయన కళ్లకే శుక్లాలు వచ్చాయి. కుడి కంటికి మా చిన్నాయన సూది వేశాడు. ఆయనదీ అదే వృత్తి. మరుసటి పంట దాకా బాగానే కనిపించింది. ఆ తరువాత పోటు వచ్చి కన్ను పోయింది. తాను పులుపు తిన్నానని, అందువల్లే పోయిందని నాయన చెప్పుకున్నాడు. ఇక మిగిలింది ఎడమ కన్ను. అదీ మసకబారి, మనిషి ఆకారం తప్ప మొహం ఆనవాలు పట్టలేని స్థితికి వచ్చింది. చిన్నాయన మళ్లీ సూది సిద్ధం చేసుకున్నాడు. నేను ఎంత చెప్పినా నాయన చెవిన పెట్టలేదు. ఆసుపత్రిలో కోయించుకుంటే తన బతుకంతా తప్పని ఒప్పుకున్నట్టేనని ఆయన బాధ. అది నాకు తెలుసు గనుక గట్టిగా వాదించలేకపోయాను. చివరికి మా అక్క ఆయన పక్కన కూర్చొని, "నాయనా, ఒక కన్ను చిన్నాయనకిచ్చినావు. ఈ కన్ను తమ్మునికియ్యి" అంది. ఆ మాటకు నాయన సరేనన్నాడు.

శుక్లం ఆపరేషన్‌లో కత్తి పని కొద్దిసేపే. అసలు పని ముందూ వెనకా ఉంటుంది. మూత్రంలో చక్కెర ఉందేమోనని చూశాను. కంటి మూల నొక్కి చీము రావడం లేదని రూఢి చేసుకున్నాను. పుచ్చిపోయిన పన్ను ఒకటి తీయించాను. చుట్ట మాన్పించాను, ఎందుకంటే ఆ రోజుల్లో కోసిన చోట కుట్లు వేసేవాళ్లు కాదు. గట్టిగా దగ్గినా, తుమ్మినా, ముక్కినా గాయం నోరు తెరుచుకుంటుంది. కట్టు కట్టిన తరువాత రోగి వారం రోజులకు పైగా వెల్లకిలా కదలకుండా పడుకోవాలి. రెండు కళ్లూ కడతారు. తలకు అటూ ఇటూ ఇసుక సంచులు పెడతారు. ఆ చీకటికి ముసలివాళ్లలో కొందరు మతి తప్పి కట్టు పీకేసుకునేవాళ్లు. అందుకని నేను నా రోగులకు ఇంటి దగ్గరే అలవాటు చేయించేవాణ్ణి. అక్క రోజూ నాయన కళ్లకు గుడ్డ కట్టి, మంచం మీద పడుకోబెట్టి, చెంచాతో గంజి పోసేది. పడుకొనే మూత్రం పోసుకోవడం నేర్పింది. "బతికుండంగానే పాడె ఎక్కిస్తిరి గదే" అని ఆయన విసుక్కునేవాడు. అక్క నవ్వుతూనే అన్నీ చేయించింది.

ఆపరేషన్‌కు డబ్బు తీసుకోరు. అయినా ఖర్చు తక్కువేమీ కాదు. గిద్దలూరు నుంచి మార్కాపురం రోడ్డు స్టేషన్ దాకా రైలు, అక్కడి నుంచి ఊళ్లోకి జట్కా, అక్క ఉండటానికి అద్దె గది, పాలు, నూకలు. వీటన్నిటికంటే ఎక్కువ కళ్లద్దాలకవుతుంది. గుండు తీసేసిన కంటికి దళసరి అద్దం లేనిదే ఏదీ తేటగా కనిపించదు. అది మద్రాసు నుంచి రావాలి. నా జీతం చాలదని గ్రహించి అక్క నాతో చెప్పకుండానే రెండు గొర్రెలు అమ్మింది.

ఆపరేషన్ రోజు నేను సర్జన్ గారి పక్కనే నిలబడ్డాను. చెయ్యి తిరిగి ఉన్నా సొంతవాళ్ల మీద కత్తి పట్టకూడదనేది మా వృత్తిలో ఆచారం. కాబట్టి నా పని నాయన తల కదలకుండా పట్టుకోవడమే. నొప్పి తెలియకుండా కంట్లో కొకెయిన్ చుక్కలు వేసి, నల్లగుడ్డు పై అంచున సగం చుట్టు కోసి, గుండును మెల్లగా బయటికి జార్చారు. నాయన అది తన చేతిలో పెట్టమని అడిగాడు. సర్జన్ గారు ఒప్పుకున్నారు. చిక్కుడు గింజంత ఉంటుంది. జీవితమంతా తాను సూదితో లోపలికి నెట్టిన వస్తువును ఆయన మొదటిసారి వేళ్లతో తడిమి చూశాడు. తరువాత "వేళ్లు చూపీండి, లెక్క పెడతా" అన్నాడు. ఈ రోజు లెక్క పెట్టినందువల్ల ఏమీ తేలదని సర్జన్ గారు చెప్పి కట్టు కట్టేశారు. అది నాయనకు నచ్చలేదు.

వార్డులో నాయన పక్క మంచం మీద చెన్నయ్య అని పొదిలి వైపు రైతు ఉన్నాడు. అదే రోజు అతనికీ మిగిలిన ఒక్క కన్ను కోశారు. రెండు కళ్లూ కట్టేసి ఉన్నా, మాట్లాడవద్దని ఎంత చెప్పినా నోరు ఊరుకునేది కాదు. ఒక మధ్యాహ్నం నేను అక్కడ ఉండగా అక్క నాయనకు గంజి పోస్తూ, రెండో కన్ను ఏమైందని అతన్ని అడిగింది.

"సంతలో ఒకాయన సూది ఏసినాడమ్మా. మూడు నెల్లు బాగా చూసినా. ఆ తర్వాత పోటు మొదలాయె. తల పగిలిపోతాదేమో అనిపించె. అట్లనే కన్ను పాయె."

"పథ్యం చేసినావా పెద్దాయనా?"

"ఒక్క పూట తప్పలా. పులుపు ముట్టలా, తలంటు పోసుకోలా. మా ఇంటిది పిల్లోణ్ణి చూసినట్టు చూసుకునింది."

అక్క చేతిలో చెంచా ఆగిపోయింది. అతను చెప్పిన సంత పేరు, కాలం విన్నాక, ఆ సూది వేసింది ఎవరో మా ముగ్గురికీ అనుమానం లేకుండా పోయింది. ఆ క్షణంలో నాకు భయం వేసింది. నాయన ఏడిస్తే, లేచి కూర్చుంటే, ఉన్న ఒక్క కన్నూ పోతుంది. నేను ఆయన భుజం మీద చెయ్యి వేశాను. కొంతసేపటికి ఆయన అక్కతో మెల్లగా, "ఆ ఇసక సంచులు ఇంకా దగ్గరికి జరుపు తల్లీ. తల కదులుతాదేమో" అన్నాడు.

గాయం బాగా మానింది. ఇంటికి పంపే రోజున సర్జన్ గారు పరీక్ష అద్దాల పెట్టెలో నుంచి దళసరి అద్దం ఒకటి తీసి నాయన కంటి ముందు పట్టారు. నాయన కిటికీ వైపు చూడలేదు. నా మొహం వైపూ చూడలేదు. పక్క మంచం మీద కూర్చున్న చెన్నయ్య దగ్గరికి తీసుకుపొమ్మన్నాడు. నేను అద్దం పట్టుకొని ఉండగా, పాత అలవాటు ప్రకారం అతని గడ్డం ఎడమ చేత్తో పట్టుకొని, పోయిన కన్నును చాలాసేపు చూశాడు.

"అన్నా, ఆ సూది నాది" అన్నాడు.

చెన్నయ్య గడ్డం వెనక్కి లాక్కోలేదు. తిట్టలేదు. "నువ్వు మళ్లా వస్తావని ప్రతి సంతకూ పోయి కూసున్న్యా" అన్నాడు.

మద్రాసు నుంచి అద్దాలు వచ్చిన తరువాత నాయన పొదిలి సంతకు పోయి, తాను గోనె పరిచే చోటే రోజంతా ఊరికే కూర్చొని వచ్చాడట. ఎవరు వచ్చారో, ఏమన్నారో మాకు చెప్పలేదు. చిన్నాయనను పిలిచి సూదులు మాన్పించాడని మాత్రం తెలుసు.

మా నాయన చెయ్యి స్థిరమైనది, మోసం తెలియనిది. ఆయన తాను సూది వేసిన కన్నును ఆరు నెలల తరువాత మళ్లీ చూడలేదు, అంతే. నేనూ అప్పటి వరకు చూడలేదు. ఆసుపత్రి నుంచి పంపే రోజున రోగి పేరు ఎదుట 'నయమైంది' అని రాసి మేము మరిచిపోయేవాళ్లం. మరుసటి ఏడు నుంచి నేను పంపిన రోగుల ఊళ్లకు వెళ్లి చూడటం మొదలుపెట్టాను. ఎక్కువమందికి చూపు నిలిచింది. కొందరికి లోపల వాపు వచ్చి చూపు పోయింది. కొందరు అద్దం పగిలితే ఇంకోటి కొనలేక చీకట్లోనే కూర్చున్నారు. వాళ్లందరూ మా రిజిస్టరులో నయమైనవాళ్లే. ఉద్యోగంలో ఉన్నంత కాలం 'నయమైంది' అనే మాటను, ఇంటికి పోయి నా కళ్లతో చూసే వరకు, నేను మళ్లీ నమ్మలేదు.