మాడిన కనకాంబరాలు

ఈ సంగతి నలభై ఏళ్లుగా నా లోపలే ఉంది. కట్టుకున్నవాడికి చెప్పలేదు, కన్నపిల్లలకు చెప్పలేదు. ముఖం తెలియని మీకు చెప్పడం తేలికనుకున్నాను. తేలికేమీ కాదు. ఇప్పటికి మూడు కాగితాలు చించాను.

డెబ్బైల చివర్లో నేను నంద్యాలకు కొత్త కోడలిగా వచ్చాను. పుట్టిల్లు ఆళ్లగడ్డ. ఒకసారి పుట్టింటికి పోయినప్పుడు బస్టాండు పక్కన లారీ తగిలి కాలు విరిగిన కుక్కపిల్ల కనబడింది. గంపలో పెట్టి, పాత చీర కప్పి, బస్సులో తెచ్చుకున్నాను. మల్లిగాడని పేరు పెట్టాను. మా మామకు పెరట్లో కనకాంబరం మడి అంటే ప్రాణం. "ఒక్క చెట్టు పోయినా కుక్క పోతాదమ్మా" అని ముందే చెప్పి, ఉండనిచ్చాడు.

నల్లమల నుంచి తేనె తెచ్చి అమ్మే చెంచు పెద్దాయన నాకు దారి చూపాడు. "కొట్టొద్దమ్మా. కొడ్తే నిన్ను జూసి బయపడ్తాది, తోటను జూసి కాదు. ఒగటే మాట పెట్టుకో" అన్నాడు. నేను పెట్టుకున్న మాట "ఆడ్నే". ఆ మాటంటే గట్టు దగ్గర కూర్చోవాలి. "రా" అంటేనే లేచి సంగటి ముద్ద తినాలి. మడి చుట్టూ రేగుకంప కూడా వేశాను గానీ, రెండు నెలలకు దాని అవసరమే లేకపోయింది. కోడిని తరుముకుంటూ వచ్చినా మల్లిగాడు గట్టు దగ్గర ఆగిపోయేవాడు.

శ్రావణ శుక్రవారాలు దగ్గర పడ్డాయి. పూలు విరగబూయాలని, మామ నన్ను మెచ్చుకోవాలని నా ఆశ. చేనికి తెచ్చిన యూరియా కొట్టంలో ఉంది. పూలచెట్లకు అది వద్దని మామ ఎన్నోసార్లు అన్నాడు. ఆయన కోయిలకుంట్లకు పోయిన రోజు మొదళ్లలో పిడికిళ్లకొద్దీ పోశాను. నీళ్లు కూడా సరిగా కట్టలేదు. నాలుగు రోజులకు మడంతా మాడింది.

మామ గట్టు మీద నిలబడి చాలాసేపు చూశాడు.

"ఏందమ్మా ఇది? కుక్క లోపలికి పోయిందా?"

కుక్క ఉచ్చకు మొక్క మాడుతుందని అందరికీ తెలుసు. తప్పించుకునే దారి ఆయనే చూపినట్లయింది.

"పోయుంటాది మామా."

"చూసినావా?"

"చూసినా."

మొదటి మాట భయంతో వచ్చింది. రెండో మాట? అది తెలిసే అన్నాను. వరసలు వరసలుగా మాడిన మడి అది. కుక్క ఎక్కడైనా వరస పెట్టి ఉచ్చ పోస్తుందా? మామకు ఆ మాత్రం తట్టలేదా, తట్టినా కోడలి పరువు ఎందుకు తీయాలని ఊరుకున్నాడా? ఎన్నేళ్లు తలచుకున్నా నాకు తేలలేదు.

మర్నాడు బండి కట్టించాడు. "నీ మాటే వింటాది, నువ్వూ రామ్మా" అన్నాడు. పాణ్యం దోవలో ఒక చేని పక్కన మల్లిగాణ్ణి దింపాం. వెంట పడుతుందేమోనని మామ వెనక్కి చూస్తున్నాడు. నేను "ఆడ్నే" అన్నాను. వాడు కూర్చున్నాడు. బండి కదిలింది. తోక ఊపుతూ నా నోటి వంకే చూశాడు. నేను "రా" అనలేదు. దోవ మలుపు తిరిగేదాకా అట్లాగే కూర్చుని ఉన్నాడు. ఆ తర్వాత ఎంతసేపు కూర్చున్నాడో.

చిన్నదాన్ని, అత్తగారిల్లు, భయం అని నాకు నేను ఎన్నో చెప్పుకున్నాను. ఏదీ నిలవలేదు. తేనె పెద్దాయన మళ్లీ వచ్చి కుక్క యాడమ్మా అని అడిగితే, పారిపోయిందన్నాను. నేర్పిన మనిషి ముందు కూడా ఆ నోరులేని జీవం మీదే నింద వేశాను. తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోవాలనిపిస్తుంది.

మామ పోయి చాలా ఏళ్లయింది. ఆయనకు చెప్పడానికి వెయ్యి పొద్దులు దొరికాయి, నోరు రాలేదు. క్షమించమని మిమ్మల్ని అడగను; అది మీ చేతిలో లేదు. మా ఇంట్లో ఇప్పటికీ పెరట్లోకి కుక్క వస్తే, "మల్లిగాని మాదిరి తోట మాడుస్తాది, తోలండి" అంటారు. వాళ్లందరికీ ఆ తోట మాడ్చింది వాడే. మీ ఒక్కరికి మాత్రం కాదు.