బ్యాటరీకి కప్పిన ఉన్ని

ఉమ్సునాయ్ డ్రిల్లు పట్టుకునే ముందు చేసే పనులు చూస్తే, ఆవిడ నమాజుకు సిద్ధమవుతున్నదేమో అనిపిస్తుంది. తలగుడ్డ కొసలను వెనక్కి తీసి ముడివేస్తుంది. చొక్కా చేతులను మోచేతుల పైకి మడుస్తుంది. ఎంత చలి ఉన్నా చేతితొడుగులు తీసి కిటికీ గట్టున పెడుతుంది. బ్యాటరీ ఊడదీశాకే, బెజ్జం వేసే ములుకు మారుస్తుంది. మార్చిన ములుకును వేళ్లతో ఒకసారి లాగి చూస్తుంది. మోటారు గాలిరంధ్రాలలో చేరిన చెక్కపొడిని కుంచెతో దులుపుతుంది. ఈ సిద్ధపాటు భయంలో పుట్టింది. అయితే భయాన్ని కూడా రోజూ శ్రద్ధగా పాటిస్తే, అది ఒక మర్యాదగా మారుతుంది.

ఇస్సిక్-కుల్ సరస్సు దక్షిణపు ఒడ్డున, గుడారాల్లాంటి గుండ్రటి ఉన్ని ఇళ్లకు కట్టె చట్రాలు చేసే కుటుంబానికి ఆవిడ పంతొమ్మిదో ఏట కోడలిగా వచ్చింది. ఆ ఇంట్లో కట్టె మగవాళ్లది, ఉన్ని ఆడవాళ్లది. ముప్పై నాలుగేళ్లు ఆవిడ ఉన్ని తడిపింది, చుట్టింది, తొక్కింది. కట్టెపని గది గడప దాటవలసిన అవసరం రాలేదు.

ఆ అవసరం రెండేళ్ల కిందట వచ్చింది. భర్త ఒరోజ్‌బాయ్ ఒక చలి ఉదయాన బద్దను మోకాలి మీద పెట్టుకుని, చేతికి ఉన్ని తొడుగు వేసుకుని బెజ్జం వేస్తున్నాడు. తిరిగే ములుకు తొడుగు పోగును పట్టుకుంది. పోగు తొడుగును లాగింది, తొడుగు వేళ్లను లాగింది. ఆసుపత్రిలో కుట్లు వేశారు గాని కుడిచేతి రెండు వేళ్లు ఇక వంగలేదు. ఆ రోజు నుంచి ఆయన ఆ గదిలోకి వెళ్లలేదు. గొర్రెలను చూసుకున్నాడు, ఎడమచేత్తో బంగాళాదుంపలు ఒలిచాడు, మాటలు తగ్గించుకున్నాడు. ఒప్పుకున్న చట్రాలు మిగిలిపోయాయి కనుక ఉమ్సునాయ్ డ్రిల్లు తీసుకుంది.

ఆవిడ గొప్ప పనిమంతురాలని చెప్పలేం. మొదటి నెలలో పంతొమ్మిది బద్దలు పాడుచేసింది. జాలీలాంటి గోడలో విల్లో చెట్టు బద్దలు ఒకదాన్ని ఒకటి దాటే ప్రతిచోటా బెజ్జం ఉండాలి. అందులో తడి తోలుతాడు దూర్చి ముడివేస్తారు. ఒక్క బెజ్జం వేలెడు పక్కకు పోతే గోడ విచ్చుకోదు, ముడుచుకోదు. ఆవిడ బద్దను బల్లకు రెండు చోట్ల బిగించడం, డ్రిల్లును మొదట నెమ్మదిగా తిప్పి ములుకు కుదురుకున్నాక వేగం పెంచడం నేర్చుకుంది. నేర్చుకోలేనిది ఒకటే. ఆయనను మళ్లీ ఆ గడప దాటించడం ఎలాగో తెలియలేదు. అడిగితే కాదంటాడు. ఒకసారి కాదన్నాక ఆ మాటను వెనక్కి తీసుకోలేని మనిషి. అందుకని అడగలేదు.

ఫిబ్రవరిలో ఒక ఉదయం, రాత్రంతా కట్టెపని గదిలో ఉండిపోయిన బ్యాటరీ మంచుముద్దలా ఉంది. దాన్ని ఇంట్లోకి తెచ్చి, పొయ్యికి దూరంగా, భోజనాల బల్ల మీద పెట్టింది.

"దీన్ని ఇలాగే ఉండనివ్వండి," అంది భర్తతో. పెళ్లినాటి నుంచి ఆవిడ ఆయన పేరు పలకలేదు. "చలి వదిలాక ఛార్జింగ్ పెడతా. అక్క దగ్గరికెళ్లి తోలుతాళ్లు తెస్తా."

ఆయన టీ గిన్నెలోకి చూస్తూ తలూపాడు.

అక్క అంటే పక్కింటి కల్బుబు, ఒరోజ్‌బాయ్ అన్న భార్య. ఆవిడకు మరిదిని ఆటపట్టించే హక్కు ఆచారమే ఇచ్చింది. ఆ హక్కును ఆవిడ ఏ రోజూ వృథా పోనివ్వలేదు. తాళ్లు తీసుకుని ఇద్దరూ తిరిగివచ్చి తలుపు తీయగానే ఘాటు వాసన ముక్కుకు తగిలింది.

"ఏం మరిదీ, రబ్బరు చెప్పులు వేపుతున్నావా?" అంది కల్బుబు.

ఉమ్సునాయ్ నవ్వలేదు. బల్ల మీద, బ్యాటరీ దూర్చిన ఛార్జర్ ఉంది. దాని మీద, కొత్తగా పుట్టిన గొర్రెపిల్లలను చుట్టే ఉన్ని ముక్క రెండు మడతలుగా కప్పి ఉంది. ఆవిడ మొదట గోడ దగ్గర ప్లగ్గు పీకింది. ఆ తర్వాతే ఉన్ని తొలగించింది. బ్యాటరీ పెట్టె ఒక పక్క మెత్తబడి వంకర తిరిగింది. చేత్తో ముట్టుకోకుండా పొయ్యి బూడిద తీసే చిన్న పార మీదికి ఛార్జర్‌తో సహా జరిపి, వాకిట్లో మంచు ఊడ్చిన రాళ్ల మీద, గడ్డివామికి దూరంగా పెట్టి వచ్చింది.

ఒరోజ్‌బాయ్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. చేతిలో ఆ ఉన్ని ముక్క.

"చల్లగా ఉంది కదా అని..." అన్నాడు. "ఎర్రదీపం మిణుకుమిణుకుమంటూ ఆగిపోయింది. కప్పితే మళ్లీ వెలిగింది. సరే, కరెంటు తీసుకుంటోందిలే అనుకున్నా. గొర్రెపిల్లల్ని ఇలాగే కదా బతికించుకున్నాం."

"నీ గొర్రెపిల్లకి కరెంటు తాగించావు మరిదీ!" కల్బుబు మొదలుపెట్టబోయి, తోటికోడలి ముఖం చూసి ఆపేసింది. "పొయ్యి మీద పాలు పెట్టి వచ్చాను," అంటూ వెళ్లిపోయింది.

నాలుక చివరిదాకా వచ్చిన మాటలు ఉమ్సునాయ్‌కు ఉన్నాయి. ముట్టుకోవద్దని చెప్పాను కదా. ఇల్లు తగలబడి ఉంటే? రెండూ నిజమే. ఆ నిజాలు పలికితే ఆయన ఇంకెన్నడూ ఆ పనిముట్టు వైపు చూడడని కూడా ఆవిడకు తెలుసు. రెండేళ్లలో ఆయన దాని దగ్గరికి తనంతట తాను వెళ్లడం ఇదే మొదటిసారి. వెళ్లింది జాగ్రత్త చేయడానికే. ఒకే చేష్ట ఒక ప్రాణాన్ని నిలుపుతుంది, ఒక వస్తువును కాల్చేస్తుంది. ఎదుటిదాని స్వభావం తెలియని ప్రేమ ఎప్పుడూ ఈ రెంటి మధ్యే నిలబడి ఉంటుంది.

"గొర్రెపిల్ల వేడిని దాచుకోవాలండీ," అంది చివరికి. "ఇది వదిలేసుకోవాలి. ఛార్జింగ్ అవుతున్నప్పుడు దానికి ఉక్కపోస్తుంది. మీద గుడ్డ కూడా ఉండకూడదు. నాకు తెలుసు గాని మీకు చెప్పలేదు. చెప్పాల్సింది."

"నేను అడగలేదుగా."

"అడగలేదు," అని ఒప్పుకుంది.

కొత్త బ్యాటరీ, ఛార్జర్ పట్నం నుంచి మినీబస్సులో రావడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ భోజనం దగ్గర ఆయన, పాఠం అప్పజెప్పించుకునే పంతులులా ప్రశ్నలు వేశాడు. పూర్తిగా ఖాళీ అయ్యేదాకా వాడొచ్చా? వద్దు, దమ్ము తగ్గగానే ఆపాలి. వాడనప్పుడు ఎక్కడ పెట్టాలి? పొడిగా ఉన్నచోట, సగం నింపి, మేకులూ తీగలూ తగలకుండా. పాడైపోయినదాన్ని ఏం చేయాలి? చెత్తలో వేయకూడదు, పొయ్యిలో అసలే వేయకూడదు. పట్నంలో తీసుకునే దుకాణం ఉంది. ఆవిడ ఒక్కో జవాబూ రొట్టె తుంచినట్టు చిన్నగా చెప్పింది. ఎక్కువ చెబితే ఆయన లేచిపోతాడు.

మూడోరోజు కొత్త బ్యాటరీ బల్ల మీద, మీద ఏ గుడ్డా లేకుండా, ఆకుపచ్చ దీపం చూపించింది. ఒరోజ్‌బాయ్ దాన్ని అరచేతిలో పెట్టి వేడి చూశాడు. తర్వాత, పొలానికి వెళ్తున్నంత మామూలుగా వాకిలి దాటాడు. ఉమ్సునాయ్ వెనక నడిచింది. కట్టెపని గది గడప దగ్గర ఆయన ఆగాడు. ఆవిడ కూడా ఆగింది.

"ఎడమచేత్తో తిరుగుతుందా ఇది?" అన్నాడు వెనక్కి తిరగకుండా.

"దానికి ఏ చెయ్యైనా ఒకటే. బద్ద బిగించి ఉంటే చాలు."

"రెండు చోట్లా?"

"రెండు చోట్లా."

ఆయన లోపలికి వెళ్లాడు. ఆవిడ వెళ్లలేదు. వెళితే చూస్తుంది, చూస్తే ఆయన పని ఆపేస్తాడు. బయట గోడకు ఆనుకుని, తెచ్చిన తోలుతాళ్లను నీళ్లలో ముంచుతూ కూర్చుంది. మోటారు నెమ్మదిగా మొదలై, కాస్త తడబడి, ఆగిపోయింది. తాళ్లన్నీ నానిపోయాయి. లేచి వెళ్లాలనిపించిన ప్రతిసారీ చేతులను ఇంకా లోతుకు, మంచులాంటి నీళ్లలోకి పెట్టింది. మళ్లీ మొదలైంది. ఈసారి ధ్వని కుదురుగా సాగి, ములుకు కట్టె అవతలి వైపుకు తేలినప్పుడు వచ్చే సన్నని స్వరంలోకి మారింది.

అలా ఎన్నిసార్లో. మధ్యాహ్నం దాటింది. కల్బుబు పాల గిన్నెతో గోడ మీది నుంచి తొంగిచూసి, చేత్తో సైగ చేసి అడిగింది, ఎవరు లోపల అని. ఉమ్సునాయ్ తడిచేతిని పెదాల మీద పెట్టుకుంది. కల్బుబుకు మొదటిసారి హాస్యం తోచక, పాల గిన్నె గోడ మీదే పెట్టి వెళ్లిపోయింది.

తలుపు కొద్దిగా తెరుచుకుంది. ఒరోజ్‌బాయ్ కనుబొమల మీద విల్లో పొడి. ముఖంలో సంతోషం లేదు. పని మధ్యలో ఆటంకం వచ్చిన మనిషి చిరాకు ఉంది.

"ఉమ్సునాయ్," అన్నాడు, "ఇంకో కట్ట బద్దలు ఎక్కడ పెట్టావే?"