మస్కట్ వెళ్ళేవాళ్ళకు నేను చెప్పిన జాగ్రత్తలు

మస్కట్ నుంచి నేను పూర్తిగా తిరిగొచ్చేసిన మూడేళ్ళకు, రాజమండ్రిలో మా వీధి చివర ట్రావెల్స్ ఆఫీసు నడిపే ఆయన ఒక పొద్దున్నే మా ఇంటికొచ్చాడు. పద్దెనిమిది మందిని మస్కట్, దుబాయి చూపించడానికి వారం రోజులు తీసుకువెళుతున్నాడట. అప్పటిదాకా కాశీ, షిర్డీ టూర్లే వేసిన మనిషి. గల్ఫ్ ముఖం ఎరగడు.

"అక్కా, అక్కడ ఎలా మసులుకోవాలో మావాళ్ళకి ఓ గంటసేపు చెప్పాలండి మీరు. అందరూ పెద్దవాళ్ళు, ఏ పొరపాటూ జరక్కూడదు," అన్నాడు. సరేనన్నాను. గుమ్మం దాటబోతూ ఆగి, "మీరక్కడ ఏం చేసేవారని ఎవరైనా అడిగితే మటుకు, ఉద్యోగం అని చెప్పేయండి చాలు," అన్నాడు.

నాకు చుర్రుమంది. ఎనిమిదేళ్ళు ఒకే ఇంట్లో పనిచేసి, ఎవరి చేతా మాట పడకుండా వచ్చినదాన్ని. ఏదో దొంగతనం చేసొచ్చినట్టు దాచుకోమంటాడేంటి? కానీ తలూపి తలుపేసుకున్నాను. ఎందుకంటే నాకూ లోపల భయమే. పనిమనిషినని తెలిస్తే ఆ పెద్దవాళ్ళు నా మాట చెవిన పెడతారా? ఆదివారం దాకా ఎటూ తేల్చుకోలేకపోయాను.

ఆ ఆదివారం చర్చి అయ్యాక, అదే చీరతో వాళ్ళ ఆఫీసు మేడ మీదికి వెళ్ళాను. కుర్చీలన్నీ నిండిపోయాయి. మండపేట నుంచి రైసుమిల్లు యజమాని దంపతులు, ఇద్దరు బ్యాంకు ఆఫీసర్లు కుటుంబాలతో సహా, ముందు వరసలో ఒక రిటైర్డు హెడ్మాస్టరుగారు. నాకు కూర్చోవడానికి కుర్చీ వేశారు గానీ నేను నిలబడే మొదలుపెట్టాను.

"ముందుగా మీ పెట్టెల్లోంచి గసగసాలు తీసేయండి," అన్నాను. అందరూ నవ్వారు. "నవ్వకండి. మనం కోడికూరలో వేసుకునే గసగసాలే అక్కడ మత్తుమందు కింద లెక్క. మసాలా పొడి కొట్టించుకుని వెళితే అందులో కూడా ఉండకూడదు." నవ్వులు ఆగిపోయాయి. మిల్లు యజమాని భార్య వెంటనే భర్త వైపు తిరిగి ఏదో గుసగుసలాడింది. పొడి అప్పటికే కొట్టించేసినట్టుంది పాపం.

ఆ తర్వాత నాకు ధైర్యం వచ్చింది. ఆడవాళ్ళను అడక్కుండా ఫొటో తీయొద్దన్నాను. వాళ్ళ ఆడవాళ్ళకు మగవాళ్ళు తామై షేక్‌హ్యాండుకి చెయ్యి చాపొద్దని, గుండె మీద చెయ్యి పెట్టుకుని పలకరిస్తే మర్యాదగా ఉంటుందని చెప్పాను. మన గోదావరి వాళ్ళకి ఎవరు కనబడినా "మీ ఆవిడ ఎలా ఉన్నారండీ" అని అడిగే అలవాటుంది కదా, భార్య సంగతి అడిగితే అక్కడివాళ్ళకి నచ్చదు, అది ఇక్కడే వదిలేసి వెళ్ళమన్నాను. "ఇంట్లో అందరూ కులాసానా" అంటే సరిపోతుంది.

ఇక కాఫీ సంగతి. అది చెప్పేటప్పుడు ఉత్సాహంలో ఒళ్ళు మరిచాను.

"ఎవరింటికైనా వెళితే పిడిలేని చిన్న కప్పులో కాఫీ ఇస్తారు. కుడిచేత్తోనే అందుకోండి. అడుగున కాస్త ఉంటుందంతే. ఇదేంటి, ఇంత పిసినారితనమా అనుకోకండి. నేను వెళ్ళిన మొదటి వారం, వాళ్ళింటికి చుట్టాలొచ్చారు. మనింటికొచ్చినవాళ్ళకి గ్లాసు వెలితిగా ఇస్తామాండీ? అంచుదాకా పోసి అందరికీ ఇచ్చేశాను. నిండుగా పోస్తే, తాగి త్వరగా వెళ్ళండని అర్థమట వాళ్ళకి! ఆ ఇంటి పెద్దావిడ నన్ను పల్లెత్తు మాట అనలేదు. లేచి వచ్చి నా చేతిలోంచి కాఫీకూజా తీసుకుని, ఎంత పోయాలో తనే పోసి చూపించింది. చాలనిపిస్తే కప్పు ఇలా అటూ ఇటూ ఊపాలి. ఊపకపోతే పోస్తూనే ఉంటారు."

"మీరెందుకు పోశారండీ? వాళ్ళింట్లో పనివాళ్ళు లేరా?" అంది మిల్లు యజమాని భార్య.

ఎకసెక్కం కాదు, మామూలుగానే అడిగింది. ట్రావెల్స్ ఆయన వెనకనుంచి నాకు సైగలు చేస్తున్నాడు. ఆ పెద్దావిడ గుర్తొచ్చింది. ఆ రోజు తర్వాత ఎనిమిదేళ్ళపాటు, ఆ ఇంటికి ఎంత పెద్దవాళ్ళొచ్చినా కాఫీ నా చేత్తోనే ఇప్పించింది. అలాంటి చేతిని నేనెందుకు దాచుకోవాలి?

"నేనే పనిమనిషినండి," అన్నాను. "వంట చేశాను, పిల్లల్ని పెంచాను, ఆ పెద్దావిడకి చివరిదాకా సేవ చేశాను. మీరు వెళ్ళి చూసేది వాళ్ళ వీధులూ మేడలూ. నేను చూసింది వాళ్ళ వంటిల్లు. అందుకే చెప్పగలుగుతున్నాను."

ఒక బ్యాంకు ఆఫీసరు గడియారం చూసుకున్నాడు. ట్రావెల్స్ ఆయన తల దించుకున్నాడు. అయిపోయింది, ఇక లేచి వెళ్ళిపోతారనుకున్నాను. వెళితే వెళ్ళనీ, చెప్పేశాను కదా అని కూడా అనుకున్నాను. నిజానికి ఆ క్షణంలో నాకు గర్వంగానే ఉంది.

ముందు వరసలో హెడ్మాస్టరుగారు చేతిసంచిలోంచి నోటుపుస్తకం తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. కళ్ళజోడు సవరించుకున్నారు.

"అమ్మా, మీరు కాస్త నెమ్మదిగా చెప్పాలి. నేను రాసుకుంటున్నాను. కప్పు ఏ చేత్తో అందుకోమన్నారూ?"

నేను ఏడో తరగతి తప్పినదాన్ని. బళ్ళో ఏ మాస్టారు నన్ను నిలబెట్టి అడిగిన ప్రశ్నకీ నేను జవాబు చెప్పిన పాపాన పోలేదు.

"కుడిచేత్తోనండి," అన్నాను. ఆయన రాసుకోవడం పూర్తయ్యేదాకా ఆగి, తర్వాతి మాట చెప్పాను.